దామలచెరువు దెయ్యాలను హైదర్ అలీ ఖాతాలో వేయొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో దామలచెరువు కనుమలో రాత్రిపూట గుర్రాల చప్పుడు వస్తుందని, తలలేని సిపాయిలు తిరుగుతుంటారని వేసినారు కదా, దాని గురించే ఈ లెటర్. దెయ్యాలు ఉండాయా లేవా అని కొట్లాడడానికి రాలేదు, మా అవ్వ చెప్పిన కథే అది, అన్నం తినకపోతే సిపాయిని పిలుస్తా అని బెదిరించేది. కానీ వాళ్ళు హైదర్ అలీ సిపాయిలని రాసేసినారే, అదే నాకు మింగుడు పడలేదు.

ఇక్కడ యుద్ధం జరిగింది 1740 మే నెలలో సార్, అంటే సరిగ్గా మామిడికాయల టైములో. అప్పటికి హైదర్ అలీ మైసూరులో ఇంకా పేరున్న నాయకుడు కూడా కాలేదు. చౌత్ అని మరాఠాలకు కట్టాల్సిన కప్పం బాకీ వసూలు చేసుకోవడానికి రఘూజీ భోంస్లే మరాఠా సైన్యంతో దిగితే ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ వచ్చి ఈ కనుమకు అడ్డం కూర్చున్నాడు, ఎదురుగా వస్తారు కదా అని ఆయన కాచుకుని ఉంటే వాళ్ళు వేరే దారి పట్టుకుని చుట్టు తిరిగొచ్చి వెనకనుంచి పడినారు. నవాబు, ఆయన కొడుకు హసన్ అలీ ఇద్దరూ ఇక్కడే పోయినారు. నవాబు ఇంటి ఆడవాళ్ళు పాండిచ్చేరికి పోయి ఫ్రెంచోళ్ళ దగ్గర తలదాచుకున్నారు. అల్లుడు చందాసాహెబునైతే 1741లో తిరుచ్చిలో పట్టుకుని సతారాకు తోలుకుపోయినారు.

హైదర్ చనిపోయింది కూడా మన చిత్తూరు పక్కనే, నరసింగరాయనిపేట దగ్గర డేరాలో, 1782 డిసెంబరులో, అదీ యుద్ధంలో కాదు, వీపు మీద రాచపుండు లేచి. టిప్పు వచ్చేదాకా ఆ సంగతి బయటికి పొక్కనీయలేదు. ఆయన్ని తీసుకొచ్చి మా కనుమలో తిప్పితే ఎట్లా?

మా అవ్వకు ఈ తేదీలు, పేర్లు ఏవీ తెలీవు. కానీ ఒక మాట చెప్పేది, కనుమ దాటేటప్పుడు ఏం వినపడినా వెనక్కి తిరిగి చూడొద్దు, వాళ్ళను వెనకనుంచే కొట్టినారు, తిరిగి చూస్తే నువ్వే కొట్టినావనుకుంటారు అని. పుస్తకంలో ఆ యుద్ధం గురించి చదివిన రోజు ఈ మాట గుర్తొచ్చి నాకు చేతులు జల్లుమన్నాయి, నిజంగా.

పద్నాలుగేళ్ళప్పుడు తాతతో తోట కాపలాకు పోయినాను. అర్ధరాత్రి టకటకమని చప్పుడు. తాతా గుర్రాలు అంటే, ఆయన నులక మంచం మీద అటు తిరిగి పడుకుంటా సాయిబులు వచ్చినట్టుండారు, పోతార్లే అన్నాడు. తెల్లారి చూస్తే మట్టంతా అడవిపందుల అడుగులు, చెట్ల కింద సగం కొరికిన బెంగళూరా కాయలు. తాత కాయలు లెక్కపెట్టుకుని తిట్టుకున్నాడు, సాయిబుల ఊసే ఎత్తలేదు.

కథ వేయండి సార్, ఎవరు వద్దన్నారు, పక్కన 1740 అని, దోస్త్ అలీ ఖాన్ అని ఒక లైను కూడా వేయండి. నా కంటికైతే ఆ దారిలో ఒక బోర్డు కూడా కనపడలేదు.

ఇంకోటి, మీ వార్త చూసి సెల్‌ఫోన్లు పట్టుకుని రాత్రిళ్ళు తోటల్లోకి దూరుతున్న పిల్లోళ్ళకు చెప్పండి, ఇది కాయల సీజను, కాపలావాళ్ళు దొంగలనుకుంటారు. మొన్న ఒకడిని మా కుక్క పిక్క పట్టుకునింది, వాడేమో సిపాయి పట్టుకున్నాడని ఒకటే అరుపు.

ఇట్లు,
దామలచెరువు దగ్గర ఒక మామిడి రైతు