పెద్ద ముక్క

నెల్లూరు,
ఆదివారం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు క్షమించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, మిద్దె మరమ్మతు ముగిసింది. నిన్నటి సంగతి నీకు చెప్పేదాకా నాకు మనసు నిలిచేలా లేదు కనుక మిగతా కబుర్లు మరోసారి.

శనివారాలు ఆటిజం ఉన్న పిల్లల చేత నాటకం ఆడిస్తున్నానని రాశాను కదా. ఈసారి మన రొట్టెల పండుగనే కథగా తీసుకున్నాను. స్వర్ణాల చెరువులో కోరిక ఉన్నవారు ఆ కోరిక పేరుతో రొట్టె అడుగుతారు, తీరినవారు ఇస్తారు. ఎదుటి మనిషిని వెతుక్కోవడం, అడగడం, ఆగడం, ఇవ్వడం, పుచ్చుకోవడం అన్నీ అందులోనే ఉన్నాయి. పైగా ప్రతిసారీ అదే వరసలో జరుగుతాయి కాబట్టి, తరువాత ఏమవుతుందో తెలియకపోతే బెదిరిపోయే ఈ పిల్లలకు అది ఎంతో ఊరట. నీలం దుప్పటి పరిచి చెరువన్నాము. ఇళ్ల నుంచి తెచ్చిన చపాతీలే రొట్టెలు.

వారిలో తొమ్మిదేళ్ల బాబు ఒకడున్నాడు. "అన్నం తిన్నావా?" అని అడిగితే "అన్నం తిన్నావా?" అనే అంటాడు. ఇలా విన్నమాటనే తిరిగి అనడాన్ని ఎకోలేలియా అంటారు. ఇంతకుముందు ఒక బడిలో ఈ కారణంగానే వాడిని వెనక బల్లకు పంపారట. అది తలచుకుంటే నాకు... సరే, నిన్నటి మాటకే వస్తాను.

"నీకు ఏ రొట్టె కావాలి?" అని వాడిని అడిగాను. దుప్పటి అంచును కాలి బొటనవేలితో రుద్దుతూ, నా చొక్కా గుండీనే చూస్తూ, "నీకు ఏ రొట్టె కావాలి?" అన్నాడు. వాడికి జోడీగా నటించే ఆరో తరగతి అమ్మాయి ఆ ప్రశ్న తననే అడిగినట్లు తీసుకొని, "నాకు చదువు రొట్టె కావాలి" అంది. వాడు కాసేపు ఆగాడు. చపాతీని రెండుగా చించి, పెద్ద ముక్కను ఆమె చేతిలో పెట్టాడు. తరువాత మిగిలిన నలుగురి దగ్గరకూ తానే వెళ్లి అదే ప్రశ్న అడిగాడు! పురమందిరంలో నాటకం ఆడుతూ నేను మాట మరచిపోతే, తెర వెనుక నుంచి నువ్వు అందించావు, జ్ఞాపకముందా? ఆ పిల్ల జవాబు సరిగ్గా అలాంటిదే.

ఇలా ఆటిజం లేని తోటి పిల్లలను జోడీ కలపడం అమెరికాలో పరిశోధకురాలు బ్లైథ్ కార్బెట్ నడిపే సెన్స్ థియేటర్ అనే నాటక కార్యక్రమం నుంచి నేర్చుకున్నదే. 2016లో వెలువడిన ఆమె అధ్యయనంలో, 10 విడతల నాటకాభ్యాసం తరువాత పిల్లలకు ముఖాలను గుర్తుపెట్టుకునే శక్తి మెరుగుపడింది. ఒక్క రోజులో మా బాబు మారిపోయాడని నేననను. భోజనాల దగ్గర మళ్లీ ఎవరివైపూ చూడలేదు. అయినా వాళ్లమ్మ వెళ్తూ వెళ్తూ, "పెద్ద ముక్క ఇచ్చాడు, చూశారా?" అని మూడుసార్లు అడిగింది.

వచ్చే శనివారం వాడి చేత... తమ్ముడు కావలి బస్సుకు బయలుదేరుతున్నాడు, ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. ఉంటాను.