శనివారం గ్లాసులు చూసుకుని తెండి

అందరికీ నమస్కారం. శనివారం విజయనగరంలో మా మేడ మీద బీరు రుచి చూసేటప్పుడు, గ్లాసుని తెల్ల కాగితం ముందు పట్టి చూశాకే రంగు రాయండి. మబ్బుగా ఉందని మార్కులు కోసేయొద్దు. హెఫెవైజెన్ అనే జర్మన్ గోధుమ బీరులో ఈస్టు, గోధుమ ప్రొటీన్ ఉంటాయి కాబట్టి అది అలాగే ఉండాలి. పిల్స్‌నర్ అనే లేత రంగు బీరు మాత్రం తేటగా మెరవాలి.

నురగ దగ్గరే నాకు బెంగ. పోయినసారి నా గ్లాసులో పోసిన కాసేపటికే నురగ చచ్చిపోయింది, బీరుకి తక్కువ వేశాను. తీరా చూస్తే అంచుకి పకోడీల నూనె జిడ్డు! లోపలి గోడకి బుడగలు అతుక్కున్నా గ్లాసు శుభ్రంగా లేదనే. సబ్బు పోయేదాకా కడిగి, గుడ్డతో తుడవకుండా బోర్లించండి.

బీజేసీపీ (బీరు న్యాయనిర్ణేతలకి పరీక్షలు పెట్టే సంస్థ) మార్కుల పత్రంలో 50కి రూపానివి 3 మార్కులే. ఆ మూడూ న్యాయంగా వేద్దాం. పకోడీలు ఈసారి ఆఖర్న.