సగం లేజర్‌తో ఆగిపోవద్దు

సంపాదకులకు,

‘లేజర్ పెట్టించినంక కండ్లు ఇంకింత మసకబారినయ్’ అనే మాట నల్లగొండ, పాలమూరు కంటి శిబిరాల్లో తరచూ వినబడుతుంది. అది విని షుగర్ రోగులు మొదటి సిట్టింగ్‌తోనే మానేస్తున్నారు. అసలు ఈ లేజర్ ఉన్న చూపు పోకుండా కాపాడటానికే తప్ప చూపు పెంచడానికి పెట్టేది కాదన్న సంగతి వారికి ముందుగా చెప్పేవారే తక్కువ.

షుగర్ ముదిరితే రెటీనాలోని (కంటి లోపల వెనకవైపు ఉండే చూపు పొర) సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని పొర ఒక రసాయనాన్ని వదులుతుంది, దాంతో కొత్త నాళాలు మొలుస్తాయి. అవి గట్టివి కావు. చిట్లితే కంట్లో రక్తం నిండుతుంది, గుంజితే రెటీనా ఊడుతుంది. లేజర్ అంచు పొరను కాల్చి ఆ రసాయనాన్ని తగ్గిస్తుంది. మామూలు పద్ధతిలో కంటికి 1,200 నుంచి 1,600 కాల్పు మచ్చలు పెడతారు. ఒక్కో మచ్చ అర మిల్లీమీటరు, సెకనులో పదో వంతు సేపు. అన్నీ ఒకేసారి పెడితే రెటీనా నడిమి భాగం వాచే ప్రమాదం ఎక్కువ, అందుకే రెండు మూడు విడతలు.

కాల్చిన మేర పక్కచూపు, చీకట్లో చూపు కొంత తగ్గుతాయి. రాత్రిపూట బండి నడిపేవారికి, మోటరు కాడికి పోయే రైతుకు ఇది లేజర్‌కు ముందే చెప్పాలి. పైగా కొత్త నాళాలు ఎండటానికి వారాలు పడుతుంది. ఆలోగా రక్తం కారితే నింద లేజర్ మీద పడుతుంది, తప్పు జబ్బుది. తీవ్రంగా చూపు పోయే ముప్పును లేజర్ సగానికి పైగా తగ్గిస్తుందని 1976లోనే అమెరికా పరిశోధనలో తేలింది.

కంట్లో వేసే సూదులతోనూ ఈ నాళాలు కుంచించుకుపోతాయి. కానీ పదేపదే రావాలి, మధ్యలో మానేస్తే తిరగబెడతాయి. ముంబై, పుణె పనులకు పోయే పాలమూరు కూలీకి అదెట్ల కుదురుతుంది? అలాంటివారికి లేజర్ పూర్తిచేయడమే మేలు.

ఆస్పత్రులు చీటీ మీద ‘పీఆర్పీ’ అని ఈ లేజర్ పొట్టిపేరు గీకి పంపితే రోగికి ఏం తెలుస్తుంది? ఏ కంటికి ఎన్ని మచ్చలు పెట్టారు, ఇంకెన్ని విడతలున్నాయి, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నవి తెలుగులో రాసివ్వాలి. చుక్కల మందుతో కొన్ని గంటలు మసక ఉంటుంది కాబట్టి తోడు మనిషిని తెచ్చుకోవాలని కూడా అందులోనే రాయాలి. శిబిరాల్లో అక్షరాల పట్టిక చదివించి అద్దాలిచ్చి పంపితే చాలదు. చివరి వరుస దాకా చదివినవారి కంట్లోనూ కొత్త నాళాలు ఉండొచ్చు. షుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ చుక్కలు వేసి, కంటిపాప విచ్చుకున్నాక రెటీనా చూడాలి.

– కంటి వైద్య సిబ్బంది, దేవరకొండ