మా కొట్టులో గాజు మీద తెల్లచారలు ఎందుకు వచ్చాయంటే

నెల్లూరు చిన్నబజారులోని మా కొట్టుకు ఏళ్ల తరబడి వస్తున్న అందరికీ నమస్కారం.

మార్చి మొదటి నుంచి మే సగం దాకా మా దగ్గర కడిగించుకుని తీసుకెళ్లిన పాత గాజు సామాన్లలో కొన్నిటి మీద తెల్లటి చారలు తేలాయి. లాంతరు చిమ్నీల లోపల, అత్తరు సీసాల మెడల్లో, కట్ గ్లాసు గిన్నెల గాడుల్లో. తప్పు మాది. మొదట వచ్చి చెప్పిన ఇద్దరితో "ఇంటికెళ్లాక బోరు నీళ్లతో కడిగి ఉంటారు" అన్నాను. వాళ్లలో ఒకరు పన్నెండేళ్లుగా వస్తున్న గూడూరు టీచరమ్మ. అమ్మా, ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. మీరు చెప్పిందే నిజం.

మేం గాజును గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బునీరు వేసి కడిగి, ఆఖరుసారి మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో, అంటే ఆవిరిని పట్టి చల్లార్చిన సున్నం లేని నీళ్లతో, జాడిస్తాం. బోరు నీళ్లలో సున్నం ఉంటుంది. తడి ఆరితే నీరు పోతుంది, సున్నం గాజును పట్టుకుని ఉండిపోతుంది. గిన్నెకైతే బయట గుడ్డతో తుడవొచ్చు. సన్నమెడ సీసాలోకి గుడ్డ పోదు. అందుకే మా పనితనమంతా ఆ ఆఖరు జాడింపు నీళ్ల మీదే నిలబడి ఉంది. ఆ నీళ్ల క్యాన్లు పదకొండేళ్లుగా ఒకాయన దగ్గరే కొంటున్నాను. ఒక్క నెల కూడా డబ్బు ఆపలేదు.

మే నెలలో ఒక ఖాతాదారు తన చేపల తొట్టి కోసం వాడే టీడీఎస్ మీటరు తెచ్చారు. నీళ్లలో ఎంత ఉప్పు, సున్నం కరిగి ఉన్నాయో చూపే చిన్న మీటరు అది. డిస్టిల్డ్ వాటర్‌లో పెడితే సున్నాకు దగ్గరగా చూపాలి. మా వీధి ఆర్వో నీళ్లు 60 చూపించాయి. నేను డబ్బు పోసి కొన్న క్యాను 410 చూపించింది. నమ్మలేక ఇంకో మూడు క్యాన్లు తెరిచాం. మూడూ అంతే.

ఆయన దగ్గరికి వెళ్లి అడిగితే, మిషను పాడైందనీ, ఫిబ్రవరి ఆఖరు నుంచి మామూలు నీళ్లే పోస్తున్నామనీ నెమ్మదిగానే చెప్పాడు. "గాజు కడగడానికి ఏ నీళ్లయితే ఏందన్నా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. మిషను పాడవడం ఎవరికైనా జరుగుతుంది. ఒక్క ఫోను చేసుంటే ఆ రెండున్నర నెలలు కొట్టు మూసుకుని కూర్చునేవాణ్ణి, నష్టపోయినా సరే. ఆయన నా పనికి విలువ లేదన్నట్టు మాట్లాడాడు. ఇక ఆయన దగ్గర చుక్క నీళ్లు కొనను. ఆయన దగ్గరే కాదు, బయట ఎక్కడా కొనను. అయితే పదకొండేళ్లలో ఒక్కసారైనా ఆ నీళ్లను పరీక్షించి చూడకపోవడం నా తప్పే. ఆ మీటరు ఖరీదు కొన్ని వందల రూపాయలే.

చారలు తీసేయవచ్చు. కావలి అమ్మగారి షర్బత్ గ్లాసులకు జరిగింది మాత్రం సరిదిద్దలేనిది.

అవి ఆరు గ్లాసులు. వాళ్లమ్మ పెళ్లి సారెలో వచ్చినవి, అంచు చుట్టూ బంగారు గీత. వాటికీ చారలు రావడంతో మా కుర్రాడు రెండింటిని వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి రుద్దాడు. మామూలు గాజుకైతే అది సరైన పనే, వెనిగర్ సున్నాన్ని కరిగిస్తుంది. కానీ పాత గాజు మీద బంగారం రెండు రకాలుగా వేసేవారు. కొలిమిలో కాల్చినది కొంత గట్టిది, అయినా రుద్దితే అరుగుతుంది. కాల్చకుండా జిగురు మీద అంటించినది నానితేనే కదులుతుంది. ఇవి రెండో రకం. కుర్రాడు గుడ్డ తీసేసరికి ఒక గ్లాసుకు గీత మొత్తం పోయింది, ఇంకోదానికి సగం మిగిలింది. బంగారం ఉన్న సామాను నేనే కడగాలన్న నియమం ఆ రోజు వరకు పెట్టలేదు. కాబట్టి కుర్రాణ్ణి ఎవరూ ఏమీ అనొద్దు.

తెలిసిన పనివాడొకడు కొత్త గిల్టు గీత వేసిస్తానన్నాడు. పాతదానిలాగే కనిపించేలా వేస్తాడట, ఆమెకు తెలియనే తెలియదట. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆమెకు డెబ్బై దాటాయి, చూపు మందగించింది. చెప్పి బాధపెట్టడం ఎందుకని ఇంట్లోవాళ్లు కూడా అన్నారు. ఒక దశలో నేనూ సరేననుకుని గ్లాసులు ప్యాక్ చేశాను. మళ్లీ విప్పాను. వాళ్లమ్మ చేతిలో ఉన్న గీత ఒకటి, నేను వేయించే గీత ఒకటి. రెండోదాన్ని మొదటిదని చెప్పి చేతిలో పెడితే, ఆమె నా దగ్గరికి తెచ్చిన వస్తువును నేను కాజేసినట్టే అవుతుంది. నాలుగో రోజు ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అట్టనే ఇచ్చెయ్ నాయనా, ఇంకేం పూయొద్దు" అన్నారు. కూలీ వెనక్కిచ్చాను, నష్టపరిహారం తీసుకోమన్నాను, తీసుకోలేదు. కావలి వెళ్లి ఆరు గ్లాసులూ నా చేత్తోనే అప్పగించి వచ్చాను.

ఇక మీ సామాను సంగతి. ఆ రెండున్నర నెలల్లో ఇచ్చినవాళ్లు రసీదు లేకపోయినా తీసుకురండి, పైసా తీసుకోకుండా మళ్లీ కడిగిస్తాను. తెచ్చేలోపు ఇంట్లో చింతపండుతో గానీ ముగ్గుతో గానీ బూడిదతో గానీ రుద్దకండి. ముగ్గు, బూడిద గాజును గీస్తాయి. బంగారు గీత, రంగు పువ్వులు ఉన్నవాటిని అసలు నానబెట్టకండి. గాజు పలక వెనుక వైపు రంగులతో వేసిన దేవుడి పటాలకు నీళ్లు తగలనివ్వకండి. చల్లగా ఉన్న గాజులో వేడినీళ్లు పోయకండి, మందపాటి కట్ గ్లాసు ముందుగా పగిలేది అలాగే.

ఇంకోమాట. తెల్లదనమంతా ఈ చారలు కాదు. తడిపినప్పుడు మాయమై, ఆరగానే మళ్లీ మసకగా తేలితే, అది చాలాసార్లు గాజే పాడైందనడానికి గుర్తు. ఏళ్ల తరబడి తేమ ఆ గాజులోని క్షారాన్ని బయటికి లాగేసి పైపొరను తినేస్తుంది. దాన్ని ఏ వెనిగరూ పోగొట్టదు. పైన నూనె పూసి మెరిపించి అమ్మేవాళ్లున్నారు, కొన్నాళ్లకు మళ్లీ మసకబారుతుంది. నేను నూనె పూయను, యాసిడ్‌తో పాలిష్ పట్టను. అడగొద్దని మనవి.

ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్ కొట్టులోనే తయారు చేస్తున్నాం. చిన్న మిషను, నాలుగు లీటర్లకు ఐదారు గంటలు పడుతోంది. అందుకే మూడు రోజుల పని పది రోజులవుతుంది. రేటు మాత్రం పెంచడం లేదు. మీటరు గల్లాపెట్టె పక్కనే ఉంటుంది, మీరే ముంచి చూసుకోవచ్చు. రొట్టెల పండుగ వారంలో ఊరంతా జనం, కొత్త పని తీసుకోను. వాపసు తెచ్చే సామాను మాత్రం ఆ వారం కూడా, ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు తీసుకుంటాను.