తణుకులో ఉన్న నాన్నకు

వాంకూవర్
నవంబరు 9

నాన్నా,

ఎలా ఉన్నావు? మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ వానలు మొదలయ్యాయి. మన జడివానలా హోరుమని కాదు, పడుతున్నట్టే తెలియకుండా తడిపేసే రకం. ఇక మార్చి దాకా ఇంతే.

ఆదివారం ఫోనులో నువ్వడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. చెప్పినా నీ కుట్టుమిషను చప్పుడులో సగమే వినపడేది, అందుకే కాగితం మీద పెడుతున్నాను. బుజ్జిగాడి పక్కన కూర్చుని "అప్" అనే బొమ్మల సినిమా చూడబోయి, పావుగంట కాకుండానే లేచి కొట్లోకి వెళ్ళిపోయావట. "బుడగలమ్ముకునే ఆయనా, ఆయన పెళ్ళామూ. మాటల్లేవు, మంచీ చెడ్డా లేదు. బొమ్మలని తెలుస్తూనే ఉంది. మరి నాకెందుకే కళ్ళు తడిశాయి?" అన్నావు. మళ్ళీ నువ్వే "వయసు మీద పడుతోందిలే" అని నవ్వేశావు.

వయసు మీదకి తోసెయ్యకు. నేను ఇలాంటి సినిమాల్లో బొమ్మల్ని కదిలించే పనిలోనే పదకొండేళ్ళ నుంచి ఉన్నాను. వాళ్ళిద్దరి కాపురమంతా గడిచిపోయే ఆ నాలుగు నిమిషాలు ఎక్కడ కోసి ఎక్కడ అతికారో తెలిసినదాన్ని. అయినా ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

ముందు ఒక మాట. నువ్వెప్పుడూ అంటుంటావు, "మీకేం, అంతా కంప్యూటరే చేసిపెడుతుంది" అని. చొక్కా కుట్టేది మిషనే. అయినా ఊళ్ళో ఎవరైనా "ఈ చొక్కా మెరిట్ మిషను కుట్టింది" అంటారా? నీ పేరే చెబుతారు. మా సంగతీ అంతే. ఇంకా చెప్పాలంటే మాది నీకన్నా అధ్వానం. మామూలు సినిమాలో కెమెరా పెట్టి నటుణ్ణి నిలబెడితే చొక్కా ముడత దానంతటదే పడుతుంది, గాలికి జుట్టు దానంతటదే ఎగురుతుంది, మనిషి తనకు తెలియకుండానే రెప్ప వేస్తాడు. మా దగ్గర ఏదీ దానంతటది రాదు. రెప్ప ఎప్పుడు వెయ్యాలో కూడా ఎవరో కూర్చుని ఆలోచించాలి. మనసులో ఆలోచన మారిన చోట వేస్తే బొమ్మకి ప్రాణం ఉన్నట్టు ఉంటుంది, ఊరికే ఎక్కడో వేస్తే కళ్ళలో నలక పడ్డట్టు ఉంటుంది. కదలకుండా కూర్చున్న మనిషికి కూడా ఊపిరి ఆడుతున్నట్టు ఇసుమంత కదలిక ఇవ్వాలి, లేకపోతే ఆ క్షణమే శవమైపోతుంది. సెకనుకి ఇరవైనాలుగు బొమ్మలు. వారమంతా తలొంచుకుని పనిచేస్తే నాకు నాలుగు సెకన్లు తెమిలితే గొప్ప.

అంత ఖరీదైన చోట ఎవరూ అనవసరమైనది పెట్టరు. పెట్టారంటే ఏదో అనుకునే పెట్టారన్నమాట. ఆ సంగతి చూసేవాళ్ళకి తెలియదు గానీ, కంటికి తెలుస్తుంది.

నువ్వు చూసిన ముక్కే తీసుకో. ఆవిడ ఆయనకి రోజూ టై కడుతుంది, గుర్తుందా? మెడ దగ్గర ఆవిడ చేతులు, ఒక టై, ఇంకో టై, మరో టై. గబగబా మారిపోతాయి. ఆ కాసిని సెకన్లలో ఏళ్ళు గడిచిపోతాయి. ఎవరి చేతికీ క్యాలెండరు ఇవ్వలేదు, "కొన్నేళ్ళ తరువాత" అని తెర మీద రాయలేదు. కాపురం ఎలా గడిచిందో చెప్పడానికి పొద్దున్నే మెడకి ముడి వేసే పని ఒకటి చాలనుకున్నారు. టైలర్‌వి, టైల మీద నీ చూపు పడే ఉంటుంది.

ఇంకొకటి నువ్వు గమనించావో లేదో. ఆ అమ్మాయి చిన్నప్పుడు వాగుడుకాయ. ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంది, కుర్రాడు నోరు తెరవడు. పెళ్ళయిన దగ్గర నుంచి ఆవిడ గొంతు మనకి వినిపించదు. సంగీతం ఒక్కటే, మైకేల్ జియాకినో అనే ఆయన కట్టింది. పెళ్ళినాడు గంతులేసే అదే బాణీ చివరికి ఒంటి పియానో మీద మెట్టు మెట్టుగా దిగుతుంది. పిల్లలు పుట్టరని డాక్టరు చెప్పే చోట కూడా మాట లేదు, దూరం నుంచి కుంగిపోయిన ఆవిడని చూపిస్తారు, అంతే. అక్కడ ఏడుపు వినిపించి ఉంటే "అయ్యో, ఆవిడ" అనుకుని ఊరుకునేవాళ్ళం. ఏమీ వినిపించలేదు కనుక ఆ ఖాళీలో ఎవరికి తెలిసిన గొంతు వాళ్ళు వినుకుంటారు.

బొమ్మ కావడం వల్ల ఒక లాభం కూడా ఉంది. సినిమా నటుడయితే ఆయన ముఖం ఆయనదే, నిన్న ఇంకో సినిమాలో విలన్ని కొట్టి వచ్చిన ముఖం. ఈ ముసలాయన ఎవరూ కాదు. తల పలకలా నలుపలకలుగా చేశారు, ఆవిడని గుండ్రంగా చేశారు. వాళ్ళ కుర్చీలు చూడు, ఆయనది పలకలుగా, ఆవిడది గుండ్రంగా ఉంటుంది. ఆవిడ పోయాక ఆ గుండ్రటి కుర్చీ అక్కడే ఉంటుంది. దాని గురించి ఎవరూ ఏమీ అనరు.

అసలు ముఖం కూడా అక్కర్లేదు. 1986లో అమెరికాలోని డల్లాస్‌లో ఒక కంప్యూటర్ల సభలో, ఈ "అప్" తీసిన పిక్సార్ కంపెనీ వాళ్ళు రెండు నిమిషాల చిన్న సినిమా చూపించారు. అందులో రెండే పాత్రలు: ఒక పెద్ద టేబుల్ లైటు, ఒక బుల్లి టేబుల్ లైటు, ఆడుకోవడానికి ఒక బంతి. ముఖాలు లేవు, కళ్ళు లేవు. తీసినాయన పేరు జాన్ లాసెటర్. ఆట అయ్యాక జిమ్ బ్లిన్ అనే పేరున్న శాస్త్రవేత్త ఒకాయన దగ్గరికొచ్చాడట. నీడలు ఎలా లెక్కగట్టావని అడుగుతాడు కాబోలనుకున్నాడు లాసెటర్. బ్లిన్ అడిగింది, "ఆ పెద్ద లైటు అమ్మా, నాన్నా?" అని. ఈ పనిలో చేరిన కొత్తల్లో ఈ కథ విని నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రాదు. ఇనుప కడ్డీకి తల వంచడం వస్తే చాలు, మిగతాది చూసేవాడు ఇంటి నుంచి తెచ్చుకుంటాడు.

తరువాత తొమ్మిదేళ్ళకి, 1995లో, పూర్తిగా కంప్యూటర్ మీదే చేసిన మొదటి పెద్ద సినిమా "టాయ్ స్టోరీ" వచ్చింది. ఆ రోజుల్లో మనిషి చర్మం చేస్తే ప్లాస్టిక్‌లా వచ్చేది. సరే, ప్లాస్టిక్ వాళ్ళ కథే చెబుదాం అన్నట్టు ఆటబొమ్మల్ని పట్టుకున్నారు. గుడ్డ తక్కువైతే ఉన్నదాంట్లోనే అమిరేట్టు కత్తిరిస్తావు చూడు, అలాగన్నమాట.

అన్నీ ఇలాగే ఉంటాయని అనుకోకు. మొదటి పది నిమిషాల్లో అమ్మనో నాన్ననో చంపేసి, వయొలిన్లు మోగించి, చేతిరుమాలు తియ్యండి అనే సినిమాలు కొల్లలు. వాటిలో కొన్నిటికి నేనూ పనిచేశాను, జీతం తీసుకున్నాను. పేర్లు అడగకు.

నీకు నచ్చేది ఇంకొకటి ఉంది, "కోకో". మెక్సికో కథ, 2017లో వచ్చింది. ఆ ఇంటివాళ్ళు తరతరాలుగా చెప్పులు కుట్టేవాళ్ళు, సంగీతమంటే గిట్టదు. పోయినవాళ్ళకి ఏటా నవంబరు మొదట్లో ఫోటోలు పెట్టి, దీపాలు పెట్టి, బంతిపూలు చల్లుతారు, మన పెద్దల పండక్కి దగ్గర చుట్టంలా ఉంటుంది. మన గుమ్మాలకి కట్టే బంతిపువ్వు పుట్టినిల్లు కూడా ఆ దేశమేనట. ఆ సినిమాలో మతిమరుపు వచ్చిన ముసలావిడ ఒకామె ఉంది. కుర్చీలోంచి లేవలేదు, కూతుర్ని గుర్తుపట్టదు. ముఖమంతా ముడతలు. మునిమనవడు ఆవిడ చిన్నప్పటి పాట పాడితే ఆ ముడతల వెనక నుంచి ముఖం నెమ్మదిగా మేలుకుంటుంది. నేను ఆ షాటు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఎలా చేశారా అని. ఒక్కో ముడత ఎప్పుడు కదలాలో తేల్చినవాళ్ళు ఎవరో ఉన్నారు. వాళ్ళింట్లో ఎవరికో ఆ ముడతలు ఉండే ఉంటాయి.

ఇక అసలు పని. ఇప్పుడు నా చేతికి ఒక షాటు ఇచ్చారు. ముసలాయన ఒకడు దీపం కింద కూర్చుని చిరిగిన చొక్కాకి గుండీ కుడతాడు. ఆరు సెకన్లు. మా వాళ్ళంతా అద్దం ముందు తామే చేసి చూసుకుంటారు, లేదా వీడియోలు పెట్టుకుంటారు. నేను చేసి చూశాను, నా వేళ్ళకి అది రాదు. బుజ్జిగాడి చేత ఫోనులో తీయించి పంపు. చేతులు మాత్రమే తీస్తే కుదరదు, మెడ, భుజాలు, కళ్ళజోడు పైకి నెట్టుకోవడం, దారం కొస నోట్లో తడపడం, అన్నీ కావాలి. కెమెరా వైపు చూడకు. సంక్రాంతి బట్టలు మొదలయ్యే ఉంటాయి, వాటిలోదే ఏదో ఒక చొక్కా పట్టుకుని నీ పని నువ్వు చేసుకో.

కాజాలన్నీ అమ్మే కుట్టేది కదా, ఇప్పుడు బయటికి ఇస్తున్నావని అన్నయ్య చెప్పాడు. మంచి పని చేశావు, కళ్ళు పాడుచేసుకోకు.

సినిమా మిగతాది చూడు నాన్నా. ఆవిడ పుస్తకం ఒకటి ఉంటుంది, అది చివర్లో మళ్ళీ వస్తుంది. ఈసారి లేచి వెళ్ళిపోకు. కావాలంటే బుజ్జిగాడు బడికి వెళ్ళాక చూడు.

కళ్ళజోడు వచ్చిన కొత్తల్లో సూది అమ్మ చేతికిచ్చి దారం ఎక్కించమనేవాడివి. ఇప్పుడు ఎవరు ఎక్కిస్తున్నారు?

నీ
చిట్టి