ఆ ఫొటోలో ఉన్నది దోమ కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో డెంగీ మీద వచ్చిన వ్యాసం బాగుంది. పక్కన అరపేజీ మేర వేసిన ఫొటో మాత్రం దోమది కాదు, దోమలాగే కనిపించే, పొడుగు కాళ్ల క్రేన్ ఫ్లై అనే పురుగుది. డెంగీని మోసే ఈడిస్ దోమ అర సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కాళ్ల మీద తెల్ల పట్టీలుంటాయి. మీరు వేసిన బొమ్మ చూసి పాఠకులు బాత్రూం గోడ మీద కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్న పెద్ద పురుగును చెప్పుతో కొడతారు, అసలు దోమను వదిలేస్తారు.

క్రేన్ ఫ్లై కుట్టదు. రక్తం పీల్చే సూది దానికి లేదు. మూతి పొడుగ్గా ఉండే కొన్ని రకాలు కూడా పూల తేనె కోసమే వాలతాయి. కొన్నిటి పిల్లపురుగులు గడ్డి వేళ్లు కొరికి పచ్చికను పాడుచేసే మాట నిజమే, కానీ అది వేరే పేజీకి సంగతి.

ఈ పొరపాటుకు మాలాంటి ఫొటోల పిచ్చివాళ్లం కూడా కొంత కారణం. ఫోనుకు మాక్రో లెన్స్ (చిన్నవాటిని దగ్గరగా తీసే కటకం) తగిలించి మొదటి ఏడాది నేను తీసిన క్రేన్ ఫ్లై ఫొటోలు రెండొందలకు పైనే. వెనకాల పచ్చదనమంతా మసకబారి, కళ్లు మెరుస్తూ చాలా అందంగా వచ్చాయి. తెలిసిన కీటక శాస్త్రవేత్తకు చూపిస్తే ఒక్కదానికీ పేరు చెప్పలేకపోయారు. ఆయనకు కావలసింది రెక్కలోని నరాల్లాంటి గీతల అల్లిక, పొట్ట చివర. నా ఫొటోల్లో ఒకటి మసకలో పోయింది, రెండోది ఆకు చాటున ఉంది. ప్రపంచంలో ఇప్పటికి తెలిసిన క్రేన్ ఫ్లైలు 15,000 రకాల పైనే. చార్లెస్ అలెగ్జాండర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త (1889–1981) ఒక్కరే వాటిలో 11,000కు పైగా రకాలను వర్ణించారు. అన్ని రకాల మధ్య తేడా పట్టాలంటే ఒక్క ఫొటో ఏ మూలకు?

ఇప్పుడు దగ్గరికి వెళ్లకముందే దూరం నుంచి ఒకటి తీస్తాను. రెక్కలు విమానంలా చాచి వాలిందా, వీపు మీద మడిచిందా అన్నది కదిలించాక తెలియదు. తర్వాత నేరుగా పైనుంచి, వీపు మీది వీ ఆకారపు గీత కనపడేలా. ఆపైన పక్కనుంచి, మూతి, పొట్ట చివర రెండూ పడేలా. ఆ చివర సూదిలా ఉంటే ఆడది, మొద్దుగా ఉబ్బి ఉంటే మగది. చాలా రకాల్లో పేరు తేలేది మగదాని ఆ ఉబ్బులోనే, అదీ మైక్రోస్కోపు కింద. రెక్కల వెనక గుండుసూదుల్లా రెండు పుల్లలుంటాయి. అవి దోమకూ ఉంటాయి కానీ ఇంత స్పష్టంగా కనపడవు. చేత్తో పట్టి సర్దుదామనుకుంటే మాత్రం కాళ్లు ఊడి వేళ్లకు వచ్చేస్తాయి. అనుభవం మీద చెబుతున్నాను.

ఫొటోలు అమ్మేవాళ్లు కింద 'దోమ' అని రాసినా, అచ్చుకు ముందు పురుగుల సంగతి తెలిసినవారికి ఒకసారి చూపించమని మనవి. వచ్చే ఆదివారం సవరణతో పాటు ఈడిస్ దోమ బొమ్మ, పక్కనే క్రేన్ ఫ్లై బొమ్మ వేయండి. రెండో దానికి నా ఫొటోలు వాడుకోవచ్చు. ఆరు కాళ్లూ ఉన్నవి మాత్రం నా దగ్గర నాలుగే.

ఇట్లు,
మీ పాఠకుడు