ఎడిటరు సెట్టింగులు ఫైలులో ఉండాలి

సంపాదకులకు,

కొత్త కంప్యూటరులో తెలుగు రాసుకోవడానికి ఎడిటరును, అంటే అక్షరాలు టైపు చేసే ప్రోగ్రామును, సిద్ధం చేసుకునే పద్ధతిపై ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఏ మెనూ తెరవాలో, ఏ గడిలో టిక్కు పెట్టాలో అందులో ఓపికగా చెప్పారు. అయితే అలా చేసిన మార్పులకు లెక్కాపత్రం ఎక్కడా మిగలదు. ఉద్యోగం మారినప్పుడల్లా పాత ల్యాప్‌టాప్ అప్పగించి కొత్తది తీసుకునే తెలుగువాళ్లు బెంగళూరులో ఎందరో ఉన్నారు. ఎప్పుడో ఏం నొక్కామో గుర్తుచేసుకుంటూ పనంతా మళ్లీ మొదటినుంచి చేయడం వాళ్లకు అలవాటైపోయింది.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఈల్కో డోల్‌స్ట్రా 2003లో మొదలుపెట్టిన, కంప్యూటరులో ప్రోగ్రాములను ఎక్కించి నిర్వహించే నిక్స్, దాని ఆధారంగా వచ్చిన నిక్స్‌ఓఎస్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఈ చిక్కును వేరే దారిలో విప్పుతాయి. ఇమాక్స్ అనే ఎడిటరు ఉండాలి, నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఉండాలి, ఫలానా ప్లగిన్లు (ఎడిటరుకు తగిలించే అదనపు హంగులు) ఉండాలి అని ఒక ఫైలులో రాసి, నిక్స్‌ఓఎస్-రీబిల్డ్ స్విచ్ అనే ఆదేశం ఇస్తే మిగతాది సిస్టమే చూసుకుంటుంది. పురోహితుడు రాసిచ్చే పూజ సామాను చీటీలో ఏమేం కావాలో ఉంటుంది తప్ప ఏ కొట్టుకు ఏ దారిన వెళ్లాలో ఉండదు కదా, ఇదీ అలాంటిదే. మార్చిన ప్రతిసారీ కొత్త జెనరేషన్, అంటే సిస్టమ్ కొత్త రూపు, తయారవుతుంది, పాతది చెరిగిపోదు; కొత్తది మొరాయిస్తే కంప్యూటరు ఆన్ అయ్యేటప్పుడు వచ్చే మెనూలో పాతదాన్ని ఎంచుకుంటే చాలు. కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మార్చే వీలుండదు కాబట్టి, అనుమతి ఉన్నచోట మ్యాక్ మీదో ఉబుంటు మీదో నిక్స్‌ను, వ్యక్తిగత సెట్టింగులను చూసుకునే హోమ్ మేనేజర్‌ను వేసుకుని ఎడిటరు వరకైనా ఇలా నడుపుకోవచ్చు.

ఇమాక్స్ పేరు ఊరికే ఎత్తలేదు. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, నడిచే ఎడిటర్లలో మన వత్తులు చెదిరిపోవడం తరచూ చూస్తుంటాం. 2020లో వచ్చిన 27వ వెర్షను నుంచి ఇమాక్స్ అక్షరాల కూర్పుకు హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేరును వాడుతోంది కనుక, విడి కిటికీలో తెరిస్తే వత్తులూ గుణింతాలూ సరిగా కూర్చుంటాయి. తెలుగు టైపింగు పద్ధతులు అందులోనే ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఐట్రాన్స్ పద్ధతిని ఎంచుకునే ఒక్క పంక్తిని ఫైలులో చేరిస్తే, కంట్రోల్ మీటతోపాటు బ్యాక్‌స్లాష్ నొక్కి ఇంగ్లీషు కీబోర్డు మీదే ‘అమ్మ’ అని కొట్టవచ్చు.

ఇందులో ఇబ్బందులు లేకపోలేదు. ఆ ఫైలు రాయడానికి వాడే నిక్స్ భాష కొత్తవాళ్లకు ఒక పట్టాన లొంగదు. దాని ఎర్రర్ సందేశాలు చదవడం మరీ కష్టం. అంతకంటే ముఖ్యమైనది, ఎడిటరు లోపలి మెనూ నుంచి తొందరపడి ఒక ప్లగిన్ దింపుకుంటే అది ఫైలుకెక్కదు. కొత్త యంత్రంలో ఆ ఒక్కటే కనిపించక, ఎక్కడ లోపమో తెలియక తలపట్టుకోవలసి వస్తుంది. హోమ్ మేనేజర్ పెట్టిన సెట్టింగుల ఫైలును ఎడిటరు లోంచి మార్చి సేవ్ చేయబోతే కుదరదు, ఎందుకంటే అది చదవడానికే తప్ప రాయడానికి వీల్లేని చోటికి లింకు అయి ఉంటుంది. దీన్ని చాలామంది విసుక్కుంటారు గానీ, నా దృష్టిలో ఆ కట్టడి ఉండడమే మేలు.

మీ సాంకేతిక శీర్షికలో ఈసారి మెనూల బొమ్మలకు బదులు, పాఠకులు యథాతథంగా వాడుకోగల చిన్న నమూనా ఫైలును అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. అందులో పాస్‌వర్డులు రాయవద్దని పక్కనే ఒక హెచ్చరిక కూడా వేయండి. అందులో రాసింది నిక్స్ తన సరుకంతా దాచే నిక్స్ స్టోరు అనే ఫోల్డరులోకి చేరుతుంది, అక్కడ చేరిన దేన్నయినా ఆ కంప్యూటరు వాడే ప్రతి ఒక్కరూ చదవగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు